సంతకం పెట్టేముందు ఎవర్ని అడిగారు?

విదేశీ క్లయింట్లతో పనిచేసే మన సాఫ్టువేరు జనాభాకి ఒక ఎక్సెల్ షీటు బాగా పరిచయం. కాంట్రాక్టు మీద సంతకాలు కాకముందే వస్తుంది. అందులో రెండొందలో మూడొందలో ప్రశ్నలుంటాయి. సర్వర్లు ఎక్కడున్నాయి, ఉద్యోగం మానేసినవాడి పాస్‌వర్డు ఎన్ని గంటల్లో తీసేస్తారు, ఇలాంటివి. ముద్దుగా వెండర్ డ్యూ డిలిజెన్స్ అంటారు. ఈ మధ్య అందులో మానవ హక్కులని ఇంకో ట్యాబు చేరింది. మీ ఆఫీసు ఊడ్చేవాళ్ళకి కనీస వేతనం ఇస్తున్నారా, మీ క్యాబ్ డ్రైవర్లు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు అని అడుగుతారు. 2023 నుంచి జర్మనీలో అమలైన సప్లయ్ చెయిన్ చట్టం లాంటివాటి పుణ్యం అది. నింపేటప్పుడు ఎంత తిట్టుకున్నా, క్లయింటు అడిగాడు కాబట్టి హెచ్.ఆర్. వాళ్ళు పరుగులు పెట్టి మరీ సమాధానాలు తెస్తారు.

మన దేశంలో అందరికంటే పెద్ద క్లయింటు ప్రభుత్వమే కదా. భూములిస్తుంది, రేవులిస్తుంది, పన్ను రాయితీలిస్తుంది. మరి ఒక కంపెనీతో ఒప్పందం చేసుకునేముందు ఇలాంటి షీటు ఎప్పుడైనా తీసిందా? "దీనివల్ల ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఏమవుతుంది" అని తనని తాను అడిగిందా? బాపట్ల, రేపల్లె తీరంలో జరిగిన రెండు ఒప్పందాల గురించి చదువుతుంటే నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. రెండింటికీ మధ్య దాదాపు 95 ఏళ్ళ దూరం. మొదటిది తెల్లవాళ్ళ కాలంలో, రెండోది మనం ఓట్లేసి గెలిపించుకున్న ప్రభుత్వంలో.

మొదటిదాని పేరు చెప్తే మీకు సినిమాలు గుర్తొస్తాయి. స్టువర్టుపురం. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరు మీద రెండు సినిమాలొచ్చాయి, 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. చెన్నై రైల్లో వెళ్తుంటే బాపట్లకీ చీరాలకీ మధ్య స్టేషన్ బోర్డు కనబడగానే "సూట్‌కేసు జాగ్రత్త" అని జోకేసే పెద్దమనిషి బోగీకి ఒకడుంటాడు. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం అంతమందికి తెలీదు.

ఎరుకల వాళ్ళు ఎడ్ల మీదా గాడిదల మీదా ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. అలా తిరిగేవాళ్ళంటే తెల్లదొరలకి ముందునుంచీ అనుమానం. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళనీ చేర్చారు. ఈ చట్టం ఎంత దారుణమో ఒక్క మాటలో చెప్పాలంటే, మనిషి ఏమీ చేయక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు. రిజిస్టర్లో పేరూ వేలిముద్రా పడతాయి. ప్రభుత్వం చూపించిన చోటే ఉండాలి, హాజరు వేయించుకోవాలి. అనుమతి లేకుండా హద్దు దాటితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచడానికి కూడా అందులో వీలుంది.

ఇంతమందిని ఒకచోట పెట్టి కాపలా కాయాలంటే ఖర్చు. అందుకని మద్రాసు ప్రభుత్వం ఆ పనిని అవుట్‌సోర్స్ చేసింది :-) మన భాషలో చెప్పాలంటే అంతే మరి. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. అప్పట్లో మద్రాసు గవర్నర్ కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టారు. సాల్వేషన్ ఆర్మీని ఇండియాకి తెచ్చిన బూత్ టక్కర్ అంతకుముందు ఐ.సి.ఎస్. ఉద్యోగి, కాబట్టి ప్రభుత్వంతో ఎలా మాట్లాడాలో ఆయనకి బాగా తెలుసు. నేరస్థుల్ని బాగుచేయడం ఒక శాస్త్రమని నమ్మి, దానికి "క్రిమినోక్యూరాలజీ" అని పేరు పెట్టి పుస్తకం కూడా రాశాడు. పేరు చూసి నవ్వొచ్చినా అప్పటి ఆఫీసర్లు దీన్ని సీరియస్‌గానే తీసుకున్నారు.

సరే, మనుషులొచ్చారు. వాళ్ళకి ఇచ్చింది ఏమంత పండని భూమి. తిండి గడవాలంటే కూలి కావాలి. పక్కనే చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఉంది. 1912లో మొదలైన ఈ కంపెనీ ఇంపీరియల్ టొబాకో వాళ్ళది. అదే తర్వాత మనందరికీ తెలిసిన ఐటీసీ అయింది, దాని పొగాకు విభాగాన్ని గుంటూరులో ఇప్పటికీ ఐఎల్‌టీడీ అనే పిలుస్తారు. పొగాకు ఆకు గ్రేడింగుకి, ఈనెలు తీయడానికి చేతులు కావాలి. ఆ చేతులు కొన్ని స్టువర్టుపురం నుంచి వచ్చాయి. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి మద్రాసు రాష్ట్రంలో ఎరుకల, కొరవల సెటిల్‌మెంట్ల మీద ఏళ్ళ తరబడి రికార్డులు తిరగేసి 2001లో "డిసానర్డ్ బై హిస్టరీ" అనే పుస్తకం రాశారు. సంస్కరణ పేరుతో పెట్టిన ఈ సెటిల్‌మెంట్లు గనులకీ, క్వారీలకీ, తోటలకీ, ఫ్యాక్టరీలకీ కదలకుండా ఉండే కూలీలని ఎలా అందించాయో అందులో చూడొచ్చు. చదవకపోతే చదవండి, మన జిల్లా చరిత్ర అది.

ఇందులో ఎవరికేం దక్కిందో ఒకసారి చూడండి. ప్రభుత్వానికి కాపలా ఖర్చు తగ్గింది, సాల్వేషన్ ఆర్మీకి గ్రాంటూ బాగుచేయడానికి మనుషులూ దొరికారు. కంపెనీకి దొరికిన కూలీ అయితే మామూలు కూలీ కాదు. కూలి చాలదని ఇంకో ఊరు వెళ్ళిపోదామంటే చట్టం ఊరుకోదు, హద్దు దాటితే అరెస్టే. ముగ్గురి మధ్యా ఒప్పందం కుదిరింది. ఎవరి గురించైతే కుదిరిందో వాళ్ళు మాత్రం అందులో పార్టీ కాదు.

అప్పటి కాలమే అంత, ఇప్పటి కొలబద్దతో అప్పటివాళ్ళని కొలవకూడదు అంటారేమో. ఈ మాట నాకు ఎప్పుడూ ఎక్కదు. ఎందుకంటే అదే చీరాలలో, అదే కాలంలో, హక్కులంటే ఏంటో తెలిసిన జనం ఉన్నారు. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచారని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో ఊరు ఊరంతా ఖాళీ చేసి, బయట రామ్‌నగర్ కట్టుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. స్కూల్లో చదువుకున్నాం కదా. ఆ పోరాటం గొప్పదే. కానీ అక్కడికి కూతవేటు దూరంలో, అదే సర్కారు మీద కోపమొచ్చినా ఒక్క రాత్రికి కూడా ఊరు వదిలి వెళ్ళే హక్కు లేని జనం ఉన్నారు. మన పాఠంలో ఆ రెండో వాక్యం లేదు.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. ముద్ర మాత్రం పోలేదు. 1970లలో హేమలతా లవణం, లవణం గార్లు అక్కడికి వెళ్ళి పనిచేయాల్సి వచ్చిందంటే ఆ ముద్ర ఎంత లోతుగా దిగిందో ఊహించుకోండి. కంపెనీ దాని మానాన అది పెరిగింది. సెటిల్‌మెంటు వల్ల ఆ మనుషులకి జరిగిందానికి లెక్క కట్టి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం ఏ ఫైలుకీ ఎక్కలేదు.

ఇప్పుడు తీరం వెంబడి కొంచెం తూర్పుకి, రేపల్లె కింద నిజాంపట్నం పోదాం. రేవు కోసం బయటి దేశం కంపెనీలు రావడం ఈ ఊరికి కొత్త కాదు. పెద్దపల్లి అని పలకడం రాక "పెట్టిపోలీ" అని రాసుకున్నారు పాపం. 1606లో డచ్చివాళ్ళొచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు తూర్పు తీరంలో మొట్టమొదట వ్యాపారం మొదలుపెట్టింది ఇక్కడే, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్ళారు. 1759లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ళకి చిక్కాక సలాబత్ జంగ్ చేసిన ఒప్పందంలో నిజాంపట్నం సర్కారు కూడా కంపెనీకి ఇనాంగా పోయింది. ఇనాం! ఊళ్ళూ మనుషులూ కలిపి. సరే, అది నవాబుల కాలం, వదిలేద్దాం.

2008 మార్చిలో ఇంకో ఒప్పందం. ఈసారి వచ్చింది యు.ఎ.ఇ.లోని రస్ అల్ ఖైమా అనే చిన్న ఎమిరేట్. వాడరేవు, నిజాంపట్నం పోర్టులు, వాటి మధ్య పారిశ్రామిక కారిడార్, పొట్టిగా వాన్‌పిక్. రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ రాకియా ఒకవైపు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకోవైపు. రాకియాకి ఇక్కడి భాగస్వామి పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ గారి మ్యాట్రిక్స్ సంస్థ. జులైలో కన్సెషన్ ఒప్పందం అయిపోయింది. మార్చికీ జులైకీ మధ్య నాలుగు నెలలు! మన ప్రాజెక్టుల్లో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు సైనాఫ్ అవడానికి కూడా అంతకంటే ఎక్కువ పడుతుంది.

భూమి సంగతికొస్తే, ఈ తీరంలో చాలావరకు ఇసుక, చౌడు, ఉప్పు కయ్యలు, మధ్యలో రొయ్యల చెరువులు. మ్యాపు మీద చూసినవాడికి ఖాళీగా కనబడుతుంది. కానీ అందులో చాలా చోట్ల డి-పట్టాలున్నాయి. భూమిలేని పేదలకి, ఎక్కువగా దళితులకి, యానాదులకి, బెస్తలకి ప్రభుత్వమే ఇచ్చిన అసైన్డ్ భూములివి. వీటిని ఎవరూ కొనకూడదని 1977లో చట్టం (9వ నంబరు) ఉంది. పేదవాడు అవసరానికి అమ్ముకుని మళ్ళీ రోడ్డున పడకూడదని పెట్టిన రూలు. మంచి రూలే. కాకపోతే ప్రజా ప్రయోజనం అని చెప్పి ఇచ్చిన ప్రభుత్వమే వెనక్కి తీసుకోవచ్చు. అంటే, పెద్ద రైతు పొలం కంపెనీకి కావాలంటే వెళ్ళి బేరమాడాలి, డి-పట్టా పొలం కావాలంటే ఆఫీసులో ఒక ఆర్డరు చాలు. పేదవాడిని కాపాడ్డానికి పెట్టిన తాళంచెవి ప్రభుత్వం జేబులో ఉంది, ప్రభుత్వం కంపెనీ పక్కన కూర్చుంది.

అప్పట్లో నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల మండలాలన్నీ తెనాలి రెవెన్యూ డివిజన్ కిందే. తెనాలి అంటే మనకి సినిమా హాళ్ళూ నాటకాలూ గుర్తొస్తాయి గానీ, తీరం మీద బతికేవాడికి తెనాలి అంటే ఆర్డీవో ఆఫీసు. నిజాంపట్నం నుంచి రేపల్లె వచ్చి, రేపల్లె ప్యాసింజరెక్కి, ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్ళాలి. తన పొలం ఏమవుతోందో తెలుసుకోవాలంటేనే అంత దూరం, ఇక నిర్ణయం జరిగే హైదరాబాదు సంగతి చెప్పక్కర్లేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. డి-పట్టాదారుకి కూడా మార్కెట్ ధర ప్రకారమే పరిహారం ఇవ్వాలని 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది. పోర్టులకి పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ 2006 నోటిఫికేషన్లో ఉన్నాయి. తీరానికి 1991 నుంచీ సి.ఆర్.జెడ్. ఉంది. అంతెందుకు, 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ఏజెన్సీ భూముల్ని ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని తేల్చింది, అది మన రాష్ట్రం కేసే. కానీ ఆ రక్షణ షెడ్యూల్డ్ ప్రాంతానికే, తీరానికి లేదు. పైగా ఈ చట్టాలు ఒక్కోటీ ఒక్కో ముక్కే చూస్తాయి. ఒకరు నీళ్ళు చూస్తారు, ఇంకొకరు ఎకరాలు చూస్తారు. మనుషుల్ని మొత్తంగా, అదీ సంతకానికి ముందు చూడమని ఎవరికీ డ్యూటీ లేదు.

ఇక్కడ నన్ను ఆపేసిన తేదీ ఒకటుంది. 2008 జూన్‌లో, అంటే సరిగ్గా ఈ రెండు సంతకాల మధ్య, జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ముందు జాన్ రగ్గీ అనే ప్రొఫెసర్ రిపోర్టు చర్చకొచ్చింది. కంపెనీల వల్ల జనానికి హాని జరక్కుండా కాపాడే బాధ్యత ప్రభుత్వానిది, హక్కుల్ని గౌరవించే బాధ్యత కంపెనీది, జరిగిన నష్టానికి దారి చూపించాలి అని దాని సారాంశం. అది పెరిగి 2011 జూన్ 16న మార్గదర్శక సూత్రాలయ్యాయి. అందులో 4, 5, 6 నంబర్లు ప్రత్యేకంగా ప్రభుత్వాల గురించే. ప్రభుత్వం తన సంస్థ ద్వారా గానీ, కాంట్రాక్టు ద్వారా గానీ, కొనుగోలు ద్వారా గానీ ఒక కంపెనీతో కలిసినప్పుడు మామూలుకంటే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలట. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన దేశాల్లో ఇండియా కూడా ఉంది! జెనీవాలో మనవాళ్ళు చెయ్యెత్తిన మాట తెనాలి ఆర్డీవో ఆఫీసుకి ఏ సర్క్యులర్‌గానూ చేరలేదు.

తర్వాత జరిగింది మీరందరూ టీవీల్లో చూసిందే. 2012 మేలో సీబీఐ ఈ కేసులో నిమ్మగడ్డ ప్రసాద్‌ని, ఒప్పందం నాటికి మౌలిక వసతుల శాఖ చూసిన మోపిదేవి వెంకటరమణని అరెస్టు చేసింది. మోపిదేవి అప్పుడు రేపల్లె ఎమ్మెల్యే. జగన్ కంపెనీల్లో పెట్టిన 854 కోట్లు ఈ ప్రాజెక్టుకి ప్రతిఫలమేనని సీబీఐ ఆరోపణ. వాళ్ళందరూ కాదన్నారు. ఇవి ఆరోపణలే, తుది తీర్పు కాదు. ఎవరు ఏ పార్టీ అన్నది ఈ వ్యాసానికి అనవసరం కూడా, దయచేసి ఆ గొడవ ఇక్కడ మొదలెట్టకండి.

నాకు అవసరమైంది ఇంకోటి. ఇంత పెద్ద కేసులో అడిగిన ప్రశ్నేంటి? ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారు, ఖజానాకి ఎంత నష్టం. 2012లో కాగ్ కూడా 2006-11 మధ్య మన రాష్ట్రంలో 1,027 మందికి 88,492 ఎకరాల కేటాయింపులు జరిగిన తీరుని తప్పుపట్టింది. అక్కడా లెక్క ప్రధానంగా డబ్బుదే. డబ్బు లెక్క అడగాల్సిందే, కాదనను. కానీ నిజాంపట్నం డి-పట్టాదారు ఈ కథలో బాధితుడు కాదు, మహా అయితే సాక్షి. ఒకవేళ ఎవరూ ఎవరికీ రూపాయి లంచం ఇవ్వలేదనే తేలిందనుకోండి, ఒప్పందం శుభ్రమైపోతుందా? అతని పొలం తిరిగొస్తుందా?

పైగా ఈడీ వచ్చి వాన్‌పిక్ సంస్థల పేరు మీదున్న సుమారు 13 వేల ఎకరాల్ని జప్తు చేసింది, దానిమీద కోర్టు గొడవలు. చెప్పిన పోర్టులు కట్టలేదు, చెప్పిన ఫ్యాక్టరీలు రాలేదు. మన సర్వర్ డౌన్ అయితే రోల్‌బ్యాక్ ప్లాన్ ఏదని అడుగుతారు కదా. ఇక్కడ ప్రాజెక్టు ఫెయిలైతే జనానికి భూమి ఎలా తిరిగివ్వాలో, ఈలోగా వాళ్ళు ఏం తినాలో చెప్పే క్లాజు ఎవరి ఒప్పందంలో ఉంటుంది?

పెట్టుబడి పెట్టినవాడికి మాత్రం దారులున్నాయి. 2019లో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో నిమ్మగడ్డ ప్రసాద్‌ని రస్ అల్ ఖైమా ఫిర్యాదు మీద నిర్బంధించారు. అదే రాకియా, మన రాష్ట్రంతోనే చేసుకున్న విశాఖ బాక్సైట్ ఒప్పందం అమలుకాలేదని, 2016లో భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. రెండు దేశాల మధ్య పెట్టుబడుల ఒడంబడిక ఉంది కాబట్టి వెళ్ళగలిగింది. తప్పేం కాదు, వాళ్ళ హక్కు వాళ్ళది. ఒకే ప్రభుత్వం సంతకం నమ్మినవాళ్ళలో ఒకరికి అంతర్జాతీయ ట్రిబ్యునల్ వరకూ దారుంది, ఇంకొకరికి తెనాలి వరకూ రైలు ఛార్జీలు చూసుకోవాలి.

"అయితే పరిశ్రమలు వద్దా? మీరు మాత్రం హైటెక్ సిటీలో ఏసీలో కూర్చుంటారు" అనే ప్రశ్న వస్తుందని తెలుసు. పోర్టు వస్తే రేపల్లె పిల్లలకి ఇంట్లో నుంచి వెళ్ళొచ్చే ఉద్యోగాలొచ్చేవేమో, నాకూ ఆ ఆశ ఉంది. అసలు ముందే అడిగి ఉంటే ఎవరి పొలం ఎక్కడుందో, ఎవరు ఒప్పుకుంటారో, ఎవరు నీళ్ళలోకి వెళ్ళే దారి మూసేస్తున్నామో తెలిసేది. డిజైన్లో దొరికిన బగ్ సరిచేయడం చవక, ప్రొడక్షన్లో దొరికితే ఖరీదు అని మనకి మొదటి సంవత్సరమే నేర్పిస్తారు. వాన్‌పిక్‌లో బగ్ సీబీఐకి దొరికింది.

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. ముందుగా సామాజిక ప్రభావం అంచనా వేయాలన్నారు. భూమి ఇవ్వడానికి పి.పి.పి. ప్రాజెక్టుకి 70 శాతం, ప్రైవేటుకి 80 శాతం బాధిత కుటుంబాల ఒప్పుదల కావాలన్నారు. నా ఉద్దేశంలో మన దేశంలో ఈ షీటుకి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది అదే. 2018లో ఆంధ్రప్రదేశ్ దానికి సవరణ చేసి, పారిశ్రామిక కారిడార్ల వంటి వాటికి సామాజిక అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు కల్పించింది. వాన్‌పిక్ కూడా పారిశ్రామిక కారిడారేనని గుర్తుంది కదా. కంపెనీలకైతే ప్రశ్నలు పెరుగుతూనే ఉన్నాయి. 2019లో కేంద్రం బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకాలు తెచ్చింది, సెబీ టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు మానవ హక్కుల మీద కూడా రిపోర్టు ఇవ్వాలంది. మన హెచ్.ఆర్. వాళ్ళు నింపుతున్నారు. భూములూ రేవులూ రాసిచ్చే ప్రభుత్వ శాఖలకి మాత్రం అలాంటి ఫారం లేదు.

2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయింది. చీరాల, వాడరేవు, స్టువర్టుపురం, రేపల్లె, నిజాంపట్నం అన్నీ ఇప్పుడు ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. వాన్‌పిక్ రెండు కొసలూ ఒకే కలెక్టరాఫీసు పరిధిలోకొచ్చాయి కాబట్టి అడగడం కొంచెం సులువు. సమాచార హక్కు దరఖాస్తుకి 10 రూపాయలు. మూడు కాలమ్స్ చాలు: 2008 తర్వాత ఈ ప్రాజెక్టు కోసం ఏ ఏ సర్వే నంబర్లలో డి-పట్టాలు వెనక్కి తీసుకున్నారు, ఒక్కో పట్టాదారుకి ఎంత ఎప్పుడు ఇచ్చారు, ఆ నంబర్ల ఎదురుగా ఈ రోజు అడంగల్‌లో ఎవరి పేరుంది. ఆ ఏరియా వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, దరఖాస్తు డ్రాఫ్టు నేను రాసిపెడతాను.